పన్నెండో గేటు వాళ్ళ పెట్టె

దినం 203

ఎండ తొమ్మిది గంటలు. నీళ్ళు మూడడుగుల నాలుగంగుళాలు. కొడవళ్ళు: దూరంగా రెండు, దగ్గరికి వచ్చినవి లేవు.

ఈ మూడు గడులూ నింపితే పదకొండో గేటు పని అయినట్టే. కాలవ నీళ్ళు కింద ఊళ్ళకి సరిగా పోతున్నాయో లేదో చూడటానికి ఒకప్పుడు ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఈ పుస్తకంలో సంతకం పెట్టేవాడట. ఇప్పుడు నెలకోసారి రేషన్ లారీ వస్తుంది. డ్రైవరు పుస్తకం వైపు చూడను కూడా చూడడు. అయినా మా ఆయన ఓబులేసు రోజూ రాసేవాడు. నూట తొంభయ్యో దినాన పొద్దున్నే "దగ్గరికి వచ్చినవి లేవు" అని రాసి బయటికి వెళ్ళాడు. పదకొండు గంటలకి కొడవలి వచ్చింది.

కంపెనీ కాగితాల్లో దానికి ఏదో పెద్ద పేరుంది. మేం కొడవలి అంటాం. నూనెగడ్డి కోయడానికి తెచ్చారు. గడ్డీ పోయింది, కంపెనీ పోయింది, ఇవి మిగిలాయి. ఎండ తిని నడుస్తాయి, మోకాలెత్తు దాటి నిలబడిందాన్నల్లా కోస్తాయి. తెల్లగుడ్డ చూస్తే ఆగాలని వాటికి నేర్పించారు. ఆయన చేతిలో తెల్లగుడ్డ ఉంది. కానీ వాటి కళ్ళమీద దుమ్ము తుడిచేవాళ్ళు లేక రెండేళ్ళయింది. ఆ దినం గడి నేను దిద్దలేదు. అది ఆయన రాత.

అప్పట్నించి నేను రాస్తున్నాను. ఏడుపు రాదు. ఆకలి మాత్రం వేళకి వేస్తుంది.

ఈ పొద్దున ఎండెక్కక ముందే పన్నెండో గేటు దస్తగిరన్న కట్ట మీద సైకిలు తోసుకుంటూ వచ్చాడు. ఆయనది మాకు పై గేటు, రెండు కిలోమీటర్లు. క్యారియరు మీద తాళ్ళతో కట్టిన చెక్కపెట్టె. దించి మూత తీశాడు. వాళ్ళావిడ హుసేనమ్మ వదిన పాత చీర మడతల్లో రెండు తుపాకులు.

"ఇవి మీకమ్మా నాంచారీ," అన్నాడు.

మా అత్త సంజమ్మ గడప మీంచి లేచి వచ్చి చూసింది.

"నా దగ్గర మూడుండాయి, కంపెనీలో కాపలా చేసేటప్పటివి. మీ ఇంట్లో ఒక్కటీ ల్యాకుండా నా ఇంట్లో మూడు పెట్టుకోని నేనెట్ల పండుకునేది? ఓబులేసు ఉన్నప్పుడే ఇయ్యాల్సింది. రేపిద్దాం మాపిద్దాం అనుకుంటా ఉండిపోతి."

ఒక్కోదాంట్లో నాలుగు తూటాలు పడతాయని చూపించాడు. ఇరవై తూటాల సంచి విడిగా నా చేతికిచ్చాడు. "కత్తుల్ని సూడొద్దమ్మా, బెదురు పుడతాది. వాటికి పైన గుండ్రంగా నల్లద్దం ఉంటాది, అదే కన్ను. కన్ను పగిలితే ఆడనే కూలబడతాది," అన్నాడు.

నాకేదో అనాలనిపించింది. థాంక్సు అనే మాట రేషన్ డ్రైవరుతో అంటాం. పక్క గేటు మనిషితో అంటే లెక్క తేల్చేసుకుని తలుపేసుకున్నట్టుంటుంది. మా దగ్గర ఆ మాటని గిన్నెలో పెట్టి పంపుతాం. కూర వచ్చిన గిన్నె పిడికెడు పప్పుతోనో రెండు వంకాయలతోనో వెనక్కి వెళ్తుంది. ఖాళీ గిన్నె వెళ్ళదు. తుపాకులు వచ్చిన పెట్టెలో ఏం పెట్టి పంపాలో నాకు తోచలేదు.

సైకిలెక్కుతూ ఆయన పెట్టె వైపు చూసి, "పెట్టెకేం తొందర ల్యా చెల్లెలా, నిదానంగా పంపు," అన్నాడు. అందరూ అనేదే అన్నాడు.

దినం 204

ఎండ తొమ్మిదిన్నర. నీళ్ళు మూడడుగుల నాలుగు. కొడవళ్ళు లేవు.

పొద్దున గేటు మీదెక్కి అద్దం మెరిపించాను. ఒకసారి మెరిస్తే బాగున్నామని. మూడుసార్లు మెరిస్తే రమ్మని. పన్నెండో గేటు నుంచి ఒకసారి మెరిసింది. ఓబులేసు పోయిన రోజు నేను మూడుసార్లు మెరిపిస్తే దస్తగిరన్న నడినెత్తి ఎండలో, కొడవళ్ళు తిరిగే వేళ, సైకిలు మీద వచ్చాడు. అది కూడా ఇంకా ఏ గిన్నెలోనూ పెట్టి పంపలేదు మేం.

గురి నేర్చుకుందామని కట్ట మీద పగిలిన కుండ పెట్టాం. నేను కాలిస్తే తూటా కాలవలో పడింది. అత్త తుపాకి లాక్కుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలకి ఒకపక్క దారం కట్టి ఉంటుంది. కుండ పెంకులైంది.

"యాడ నేర్చుకున్నావత్తా?"

"నేర్చుకునేదేముందే. సింతకాయ రాలగొట్టినట్లే గదా," అంది.

ఇంకో తూటా వృథా చేయనివ్వలేదు. పద్దెనిమిది మిగిలాయి.

పెట్టె సంగతి అడిగాను. రెండు సొరకాయలు పెట్టి పంపేద్దామా అని.

"తుపాకులిస్తే సొరకాయలు పంపేది ఏం మర్యాదే? తీపి పెట్టల్ల. నువ్వుల ముద్దలు జేద్దాం. నెల మాసికం కానీ. అంతవరకు ఈ ఇంట్లో బెల్లం పాకం పొయ్యెక్కకూడదు." ఇంకొకరి పెట్టెలో మన సామాను పెట్టుకోకూడదని దాన్ని చీర మడతతో సహా మూసి, గాదె పక్కన మూలకి జరిపింది. మాసికం రెండొందల ఇరవయ్యో దినాన.

దినం 207

ఎండ పది గంటలు. నీళ్ళు మూడడుగుల మూడు. కొడవళ్ళు: దగ్గరికి వచ్చింది ఒకటి.

పన్నెండు గంటలకి వచ్చింది. జొన్నచేను అంచున నిలబడి కోస్తోంది. కత్తుల్ని చూడలేదు, కన్నుని చూశాను. నాలుగు తూటాలు పట్టాయి. నాలుగోదానికి కూలబడింది. దాని కత్తులు ఇంకాసేపు తిరిగి ఆగాయి.

ఓబులేసుని కోసింది ఇదేనా అని దగ్గరికెళ్ళి చూశాను. అన్నీ ఒకలాగే ఉంటాయి. సంతోషం వేస్తుందనుకున్నాను, వేయలేదు. ఇంటికొచ్చి సంగటి తిన్నాను.

దస్తగిరన్న తుపాకి ఇవ్వకపోతే ఈ అన్నం కూడా లేదు. అది మాత్రం తెలుస్తోంది.

దినం 208

ఎండ పది. నీళ్ళు మూడడుగుల మూడు. కొడవళ్ళు: దూరంగా మూడు.

పక్క గేట్లలో ఏం వినపడినా రాయాలని పుస్తకం మొదటి పేజీలో ఉంది. పన్నెండో గేటు వైపు నుంచి మధ్యాహ్నం రెండు తుపాకి మోతలు. సాయంత్రం అద్దం ఒకసారి మెరిసింది.

దినం 212

ఎండ పదిన్నర. నీళ్ళు మూడడుగుల రెండు. కొడవళ్ళు: దూరంగా నాలుగు. పై గేటు వైపు ఒక మోత.

అత్త పెట్టె వైపు చూసి నిట్టూరుస్తోంది. పది రోజులైంది, వాళ్ళేమనుకుంటారో అని. నాకూ సిగ్గుగానే ఉంది. ఇప్పుడు నాకు తెలుస్తున్నది ఆ ఒక్కటే, సిగ్గు.

దినం 214

రేషన్ లారీ వచ్చింది. బియ్యం, ఉప్పు, బెల్లం అచ్చులు రెండు. డ్రైవరుకి థాంక్సు చెప్పాను. ఎండ తొమ్మిది, నీళ్ళు మూడడుగుల రెండు, కొడవళ్ళు దూరంగా ఒకటి.

దినం 215

ఎండ పదకొండు. నీళ్ళు మూడడుగుల రెండు. కొడవళ్ళు: దూరంగా ఐదు, అన్నీ పైకి పోతున్నాయి. పై గేటు వైపు ఒక మోత.

దినం 216

ఎండ పది. నీళ్ళు మూడడుగుల రెండు. కొడవళ్ళు కనపడలేదు.

పొద్దున్నే హుసేనమ్మ వదిన నడిచి వచ్చింది. చేతిలో గోంగూర కట్ట, గిన్నె లేకుండా. అత్త మజ్జిగ ఇచ్చింది. ఎండ గురించి మాట్లాడారు, నూనెగడ్డి మళ్ళీ అక్కడక్కడా మొలుస్తోందని మాట్లాడారు. అన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"ఉండాడు మే. ఈ నడుమ బయటికి రాడు. గేటు మీదనే కూర్చుంటాడు," అంది.

మాట్లాడుతూ మూలనున్న పెట్టె వైపు చూసింది. మళ్ళీ చూసింది. అత్త కూడా గమనించింది. ఇద్దరికీ తలకొట్టేసినట్టయింది.

"ఇంకో నాలుగు దినాలు, హుసేనీ. మాసికం కాంగానే పంపుతాం. ఊరికే పంపే ఇల్లు గాదులే మాది," అంది అత్త.

వదిన నోరు తెరిచింది. గ్లాసులో మజ్జిగ కాసేపు చూసింది. తర్వాత, "అయ్యో, పెట్టెదేముంది అత్తా, ఉండనీ," అంది. కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. కట్ట మలుపు దాకా చూశాను. ఒకసారి ఆగింది, మళ్ళీ నడిచింది.

దినం 218

ఎండ పదకొండు. నీళ్ళు పొద్దున మూడడుగుల రెండు. మధ్యాహ్నం పన్నెండుకి రెండడుగుల తొమ్మిదికి పడిపోయాయి. ఒంటిగంటన్నరకి మళ్ళీ మూడడుగుల రెండు. కొడవళ్ళు: ఇక్కడ లేవు. మోతలు లేవు.

పై గేటు జల్లెడకి నాచో గడ్డో అడ్డం పడి, తీసేసినట్టున్నారు. ఆ తర్వాత కింద ఊళ్ళకి నీళ్ళు సరిగానే పోయాయి.

దినం 219

ఎండ పది. నీళ్ళు మూడడుగుల రెండు. కొడవళ్ళు లేవు. అద్దం ఒకసారి మెరిసింది.

నువ్వులు ఏరి పెట్టాం.

దినం 220

గడులు నింపలేదు. తర్వాత నింపుతాను.

మాసికం. తెల్లవారుజామునే అత్త నువ్వులు వేయించింది, నేను బెల్లం దంచాను. ఓబులేసుకి పెట్టాల్సింది పెట్టాం. ముద్దలు ముప్పై రెండు వచ్చాయి. ఆకు పరిచి సర్దుదామని పెట్టె ముందుకు లాగాను. వదిన చీర ఉతికి మడతపెట్టి ఇవ్వాలి కదా అని బయటికి తీశాను. పెట్టె అడుగు పలక కదిలింది.

పలక కింద నూనెగుడ్డ సంచి ఉంది. విప్పాను. తూటాలు. లెక్కపెడితే అరవై నాలుగు.

"ఇవి మనకిచ్చినవి గాదే," అంది అత్త. "మనవి సంచిలో ఇచ్చినాడు గదా. ఇవి ఆయనవి."

ఎప్పుడూ అక్కడే దాచుకునేవాడేమో. తుపాకులు సర్దేటప్పుడు పలక ఎత్తి చూసుకోలేదు. మరి ఆయన దగ్గరేం ఉన్నాయి? తుపాకిలో ఉన్నవే, నాలుగు.

పుస్తకం తీశాను. రెండొందల ఎనిమిది, రెండు మోతలు. పన్నెండు, ఒకటి. పదిహేను, ఒకటి. పేజీ మళ్ళీ తిప్పాను, మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే. రెండొందల పదిహేను తర్వాత ఒక్కటీ లేదు. నా చేత్తో నేనే రాసుకున్నాను అన్నీ.

తుపాకి తీసుకుని, సంచి పెట్టెలో పడేసి లేచాను. అత్త నా చేయి పట్టుకుంది. ముద్దలు గబగబా పెట్టెలో సర్దింది. "ఇంత లేటు జేసి ఇప్పుడు కూడా ఒట్టిదే పట్టుకపోతావా," అంది. నేను ఆగాను. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను: ముప్పై రెండు ముద్దలు సర్దేదాకా ఆగాను.

పెట్టె నెత్తిమీద, తుపాకి భుజానికి. పొద్దున ఎనిమిదిన్నర, ఎండెక్కుతోంది. దారిలో కట్ట కింద ఒక కొడవలి అప్పుడే లేస్తోంది. పెట్టె దించి కాల్చాను. రెండో తూటాకి కూలబడింది. నాకిప్పుడు గురి బాగానే కుదురుతోంది.

పన్నెండో గేటు దగ్గర చేను మొత్తం నేలమట్టంగా కోసి ఉంది. బెండ లేదు, కంది లేదు, బట్టలారేసే గుంజలు కూడా సగానికి తెగి ఉన్నాయి. జల్లెడ పక్కన, కట్ట మీద, కొత్త మట్టి. మనిషి పొడవు.

హుసేనమ్మ వదిన గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఎప్పుడు వదినా?"

"మొన్న. మధ్యాన్నం. జల్లెడకి గడ్డి అడ్డం పడె. కింద నాంచారి గేటుకి నీళ్ళు పోవు, ఊళ్ళకి పోవు, అనె. తెల్లగుడ్డ పట్టుకోని దిగె. గడ్డి మొత్తం తీసినంక వచ్చింది అది. సాయంత్రం ఎండ దిగినాక నేనే మన్ను కప్పినా."

రెండడుగుల తొమ్మిది నుంచి మూడడుగుల రెండు. ఆ నీళ్ళు నేనే కొలిచాను, నేనే రాశాను.

పెట్టె ఆమె ముందు పెట్టాను. చెప్పకుండా ఉండొచ్చని దారంతా అనుకున్నాను. తూటాలు ముద్దల కింద వదిలేసి వెళ్ళిపోవచ్చని. కానీ చెప్పాను. "అన్న తూటాలు ఇందులోనే ఉండిపోయాయి వదినా. మేం చూడలేదు. ఇప్పుడే చూశాం."

"తెలుసు మే," అంది.

ఎప్పట్నించని అడిగాను.

"రెండో దినమే తెలిసె మాకు. పోయి అడుగు అంటి. పెట్టె అడిగితే బదులు అడిగినట్ల ఉంటాది, తూటాలు అడిగితే ఇచ్చింది వెనక్కి గుంజుకున్నట్ల ఉంటాది, మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల ఇంటికి పోయి ఏమని అడిగేది అనె. రెండు దినాల్లో పెట్టె అదే వస్తాదిలే అనె. రోజూ అదే మాట, ఈ పొద్దు వస్తాదిలే, రేపు వస్తాదిలే అని."

"నువ్వు వచ్చినప్పుడన్నా అడగొచ్చు కదా వదినా."

"అడగనీకే వచ్చినా. మీ అత్త మొగం జూసినంక నోరు రాలే."

"మరి అద్దం? నిన్న కూడా ఒకసారే మెరిసింది. మూడుసార్లు మెరిపించొచ్చు కదా?"

ఆమె నన్ను కొంచెం కోపంగా చూసింది. "నీకు నెల గూడా కాకపాయె. మల్ల ఇంకో సావుకు నిన్ను పిల్సల్లనా?"

నూట తొంభయ్యో దినం నుంచీ నా ఒళ్ళు నాది కానట్టే ఉంది. అప్పుడు నొప్పి పుట్టింది. కింద కూర్చున్నాను. మేం చంపాం ఆయన్ని, అనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను కూడా.

"మీరు సంపల్యా," అంది వదిన. తర్వాత, "నేనూ సంపల్యా," అంది. అది ఇంకెవరికో చెప్పుకున్నట్టుగా.

పెట్టె మూత తీసింది. ముద్ద ఒకటి తీసి విరిచి సగం నా చేతిలో పెట్టింది. మిగతా సగం తను తింది. రెండు రోజులుగా ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. "నువ్వులు బాగ ఏగినాయి," అంది. ఇంకోటి తింది. నేను కూడా తిన్నాను.

మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. పన్నెండో గేటు ఎవరు చూస్తారంది. అది నిజమే.

లేచి వస్తుంటే ఆపింది. తూటాల సంచి విప్పి, సగం తన ఒళ్ళో పోసుకుంది. మిగతా సగం నా కొంగులో పోసి ముడేసింది. మా దగ్గర పన్నెండు ఉన్నాయి, వద్దు వదినా అన్నాను. ఉండనీ అంది. ముడి గట్టిగా లాగి చూసింది. "కొంగులో పోసినా మే. గిన్నె గాదు, పెట్టె గాదు. తిరిగిచ్చేదేం ల్యా."

దినం 221

ఎండ తొమ్మిది. నీళ్ళు మూడడుగుల రెండు. కొడవళ్ళు: దూరంగా రెండు.

నిన్నటి గడులు నింపాను. నూట తొంభయ్యో దినం తీసి, ఆయన రాత కొట్టేయకుండా, కింద రాశాను: దగ్గరికి వచ్చినవి ఒకటి. రెండొందల పద్దెనిమిది తీసి, నీళ్ళ గడి పక్కన ఖాళీ ఉంటే అక్కడ రాశాను: జల్లెడ శుభ్రం చేసినది దస్తగిరి, పన్నెండో గేటు.

థాంక్సు అని కూడా రాద్దామనుకున్నాను. పెన్ను పెట్టాను గానీ రాయలేదు.

సాయంత్రం అత్త మూలనున్న ఖాళీ చోటు ఊడ్చింది. మళ్ళీ ఊడ్చింది.

దినం 222

మబ్బు. ఎండ పొద్దున కాసేపే. నీళ్ళు మూడడుగుల మూడు. కొడవళ్ళు: చేలో మూడు, ఎక్కడివక్కడ నిలబడిపోయాయి.

మబ్బు పూర్తిగా పట్టకముందు, కాస్త ఎండ ఉండగా గేటు మీదెక్కి అద్దం మూడుసార్లు మెరిపించాను.

అరగంటలో హుసేనమ్మ వదిన వచ్చింది. దస్తగిరన్న సైకిలు మీద, తుపాకి వీపున, చీర కుచ్చిళ్ళు పైకి దోపి. చెమటతో తడిసిపోయింది. సైకిలు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? అత్తకేమన్నానా?"

"పెసలు లేవు వదినా," అన్నాను. "ఒక సోలెడు కావాలి."

ఆమె నన్ను చూసింది. కట్టమీద కూలబడింది. "పెసలా?" అంది. "పెసలకి మూడుసార్లు మెరిపిస్తావా! గుండె ఆగిపోయెనే నాది! నీ ఇల్లు బంగారంగానూ!" అంటూ తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. అత్త వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. దారం కట్టిన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

తర్వాత అత్త అడిగింది, ఎవరి ముఖమూ చూడకుండా: "సైకిలు గూడా ఇస్తావా హుసేనీ, లారీ వచ్చే దినం వరకు? నాంచారి రోజు ఒకసారి నీ తావుకు వచ్చి పోతాది."

"తీసుకో," అంది వదిన.